తుక్కులో దాగే కిరణం... తెలుసుకుంటేనే రక్షణం
ఉక్కునగరి, ఓడరేవు ప్రజలకు రేడియోధార్మికతపై అవగాహన అవసరం

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం, పెద్దాసుపత్రులు... ఇవన్నీ ఒకేచోట ఉన్న నగరం విశాఖ. ఇటువంటి సంస్థల్లో జరిగే పనుల్లో చాలావాటికి రేడియోధార్మిక పదార్థాలతో ఏదో ఒక రూపంలో సంబంధం ఉంటుంది. అయినా ఈ మాట వినగానే అణుబాంబు, చెర్నోబిల్‌, ఫుకుషిమా స్ఫురిస్తాయే తప్ప, పాత ఇనుము దుకాణానికి చేరే ఒక చిన్న లోహపు గొట్టం ఎవరికీ గుర్తుకు రాదు. 2010లో దేశ రాజధానిలో ఓ కార్మికుడి ప్రాణం తీసింది మాత్రం అటువంటి గొట్టమే. అది అణు విద్యుత్‌ కేంద్రం నుంచి రాలేదు. తుక్కు వేలంలో వచ్చింది.

రేడియోధార్మిక కిరణాలకు రంగు, వాసన, రుచి, చప్పుడు లేవు. పంచేంద్రియాలు వాటిని పసిగట్టలేవు. కాబట్టి వాటి నుంచి కాపాడేది అవి ఎన్ని రకాలు, ఎంత దూరం పోతాయి, దేనికి ఆగుతాయి అన్న పరిజ్ఞానమే.

కేంద్రకంలోని అస్థిరతే మూలం

ప్రతి పదార్థమూ పరమాణువులతో ఏర్పడుతుంది. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ధనావేశం గల ప్రోటాన్లు, ఏ ఆవేశమూ లేని న్యూట్రాన్లు ఒదిగి ఉంటాయి. ఒక మూలకంలో ప్రోటాన్ల సంఖ్య మారదు. న్యూట్రాన్ల సంఖ్య మాత్రం హెచ్చుతగ్గులుగా ఉండవచ్చు. ఒకే మూలకానికి చెందిన ఈ భిన్న రూపాలనే ఐసోటోపులని వ్యవహరిస్తారు.

ఉదాహరణకు ప్రకృతిలో లభించే కోబాల్ట్‌-59 స్థిరమైన లోహం. అణు రియాక్టరులో దాని కేంద్రకానికి ఒక న్యూట్రాన్‌ అదనంగా చేరితే కోబాల్ట్‌-60 అవుతుంది. చూపులో, మెరుపులో రెండింటికీ తేడా తెలియదు. కానీ రెండోదాని కేంద్రకానికి నిలకడ ఉండదు. అది అదనపు శక్తిని కణాలుగా, కిరణాలుగా వెలువరించి చివరకు స్థిరమైన నికెల్‌-60గా మారిపోతుంది. అస్థిరమైన కేంద్రకం ఇలా తనంతట తానే మార్పు చెందుతూ శక్తిని వెలువరించే గుణమే రేడియోధార్మికత.

ఈ మార్పును ఆపడం గానీ, తొందరపెట్టడం గానీ సాధారణ పద్ధతుల్లో సాధ్యం కాదు. సుత్తితో చితకగొట్టినా, ఆమ్లంలో ముంచినా, కొలిమిలో కరిగించినా రేడియోధార్మికత నశించదు. ఇనుమును నీరుగా మార్చే వేడి సైతం కేంద్రకాన్ని కదిలించలేదు. ఉక్కునగర వాసులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశమిది. కోబాల్ట్‌-60 ముక్క పొరపాటున తుక్కుతోపాటు కొలిమిలో పడితే అది కాలిపోదు. కరిగిన ఉక్కు అంతటా కలిసిపోతుంది.

ఎక్స్‌రే యంత్రానికీ, రేడియోధార్మిక పదార్థానికీ ఉన్న ముఖ్యమైన తేడా కూడా ఇదే. యంత్రం స్విచ్‌ ఆపితే ఎక్స్‌ కిరణాలు ఆగిపోతాయి. రేడియోధార్మిక పదార్థానికి స్విచ్‌ లేదు. రాత్రింబవళ్లు, వాడినా వాడకున్నా కిరణాలు వెలువడుతూనే ఉంటాయి.

మూడు కిరణాలు... మూడు తీరులు

1896లో ఫ్రాన్స్‌ శాస్త్రవేత్త హెన్రీ బెక్వెరెల్‌, చీకట్లో ఉంచిన యురేనియం లవణం నల్ల కాగితంలో చుట్టిన ఫొటో పలకపై ముద్ర వేయడాన్ని గమనించారు. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. తర్వాత ఎర్నెస్ట్‌ రూథర్‌ఫర్డ్‌ ఈ కిరణాలను చొచ్చుకుపోయే శక్తిని బట్టి వేరుచేసి, గ్రీకు అక్షరాలతో ఆల్ఫా, బీటా, గామా అని నామకరణం చేశారు.

ఆల్ఫా: రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన బరువైన కణమిది. అంటే హీలియం కేంద్రకమే. గాలిలో కొద్ది సెంటీమీటర్లకు మించి పయనించలేదు. ఒక కాగితం అడ్డుపెట్టినా ఆగిపోతుంది. చర్మంపై ఉండే మృతకణాల పొర కూడా దీన్ని అడ్డుకుంటుంది. అయితే ఆల్ఫా వెలువరించే పదార్థం శ్వాస ద్వారానో, ఆహారం ద్వారానో శరీరం లోపలికి చేరితే కథ వేరు. తన శక్తినంతా అతి స్వల్ప దూరంలోనే గుమ్మరించి చుట్టుపక్కల జీవకణాలను తీవ్రంగా దెబ్బతీస్తుంది. యురేనియం, థోరియం, రేడాన్‌ వాయువు ఈ కోవకు చెందినవి.

బీటా: కేంద్రకం నుంచి అతివేగంగా వెలువడే ఎలక్ట్రాన్‌ ఇది. గాలిలో కొన్ని మీటర్ల వరకు పోగలదు. కొద్ది మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో దీన్ని ఆపవచ్చు. చర్మంపై ఎక్కువ మోతాదులో పడితే కాలిన గాయాలవుతాయి. లోపలికి చేరితే ముప్పు మరింత పెరుగుతుంది.

గామా: ఇది కణం కాదు. కాంతి, ఎక్స్‌ కిరణాల కుటుంబానికి చెందిన, అత్యధిక శక్తి గల తరంగం. మనిషి శరీరాన్ని సునాయాసంగా దాటిపోతుంది. కోబాల్ట్‌-60 వెలువరించే గామా తీవ్రతను సగానికి తగ్గించాలంటే సుమారు 12 మిల్లీమీటర్ల మందం గల సీసం కావాలి. పూర్తి రక్షణకు సీసం పొరలు, మందపాటి కాంక్రీటు గోడలు అవసరం. దూరం నుంచే హాని చేయగలది కాబట్టి పారిశ్రామిక ప్రమాదాల్లో ఎక్కువగా వినిపించే పేరు ఇదే.

వీటికి తోడు న్యూట్రాన్‌ వికిరణం నాలుగోది. ఇది ప్రధానంగా రియాక్టర్లలోనూ, చమురు బావుల పరీక్షకు వాడే కొన్ని పరికరాల్లోనూ ఉంటుంది. దీన్ని నిలువరించడానికి సీసం కన్నా హైడ్రోజన్‌ అధికంగా గల నీరు, మైనం, కాంక్రీటు మేలు. తాను తాకిన పదార్థాన్ని సైతం రేడియోధార్మికంగా మార్చగలగడం న్యూట్రాన్ల ప్రత్యేకత. కోబాల్ట్‌-60 తయారయ్యేది ఇలాగే.

బీటా కిరణాల పరిశోధనలో తెలుగు సన్యాసి

ఈ శాస్త్రానికి విశాఖతో పాత అనుబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం ప్రాంతంలోని గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం స్వీకరించి స్వామి జ్ఞానానందగా ప్రసిద్ధులయ్యారు. యోగ సాధనతోపాటు భౌతిక శాస్త్రంపై మక్కువ పెంచుకున్న ఆయన ఐరోపా వెళ్లి, న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్‌ చాడ్విక్‌ వద్ద లివర్‌పూల్‌లో బీటా కిరణాల వర్ణపటంపై పరిశోధన చేశారు. స్వదేశానికి తిరిగొచ్చాక 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగానికి పునాది వేశారు. అక్కడి పరిశోధనాలయానికి ఆయన పేరే పెట్టారు. బెక్వెరెల్‌ రేడియోధార్మికతను గుర్తించిన సంవత్సరంలోనే ఆయన జన్మించడం విశేషం.

సగానికి తగ్గే కాలం

రేడియోధార్మిక పదార్థం తీవ్రత సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. ఇది ఒక్కో ఐసోటోపుకు ఒక్కో విధంగా ఉంటుంది. థైరాయిడ్‌ చికిత్సలో వాడే అయోడిన్‌-131కు 8 రోజులు. వెల్డింగు అతుకుల పరీక్షకు వాడే ఇరిడియం-192కు 74 రోజులు. కోబాల్ట్‌-60కు 5.27 సంవత్సరాలు. సీజియం-137కు సుమారు 30 ఏళ్లు. ప్రకృతిసిద్ధమైన యురేనియం-238కైతే దాదాపు 447 కోట్ల సంవత్సరాలు.

ఒక అర్ధాయువు గడిస్తే సగం, రెండు గడిస్తే పావు, మూడు గడిస్తే ఎనిమిదో వంతు మిగులుతుంది. అంతే తప్ప రెండు అర్ధాయువుల్లో మొత్తం హరించుకుపోదు. ‘ఎప్పటిదో పాత యంత్రం, ఇంకేం పనిచేస్తుందిలే’ అన్న భావన ప్రమాదకరమని చెప్పడానికి కారణం ఇదే.

మోతాదును బట్టే హాని

శరీరంపై పడే ప్రభావాన్ని సీవర్ట్‌ అనే ప్రమాణంలో కొలుస్తారు. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్‌. భూమి, ఆకాశం, ఆహారం నుంచి సహజంగా ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుతూనే ఉంటాయి. అరటిపండు మొదలు అన్నం వరకు పొటాషియం ఉన్న ప్రతి ఆహారంలోనూ లేశమాత్రంగా రేడియోధార్మిక పొటాషియం-40 ఉంటుంది. మన శరీరంలోనే ఈ పొటాషియం పరమాణువులు సెకనుకు సుమారు 4 వేలు విచ్ఛిన్నమవుతుంటాయి. కాబట్టి రేడియోధార్మికత ఉందా లేదా అని కాక, ఎంత ఉందని అడగడమే సరైన ప్రశ్న.

సహజ, వైద్య మోతాదులకు అదనంగా సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్‌ మించరాదని అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి విధించింది. ఈ రంగంలో పనిచేసే సిబ్బందికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. దాదాపు 1,000 మిల్లీసీవర్ట్‌లు ఒక్కసారిగా శరీరమంతటా సోకితే వాంతులు, నీరసం వంటి లక్షణాలు కనిపించవచ్చు. 4,000 దాటితే చికిత్స అందని పక్షంలో సగం మంది వరకు మరణించే ప్రమాదం ఉంది.

నల్ల ఇసుక మొదలు ఉక్కు అచ్చుల వరకు

భీమునిపట్నం తీరంలో అలలు వెనక్కు తగ్గినప్పుడు నల్లటి ఇసుక చారలు కనిపిస్తుంటాయి. ఆ నలుపు చాలావరకు ఇల్మనైట్‌ ఖనిజానిది. అది రేడియోధార్మిక ఖనిజం కాదు. దానితో కలిసి కొద్దిపాళ్లలో ఉండే పసుపు, గోధుమ వర్ణపు మోనజైట్‌లో మాత్రం థోరియం ఉంటుంది. మోనజైట్‌ నిల్వలు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ ముందు వరుసలో ఉంది. ఆ మాత్రానికి సాగరతీరంలో నడిచేవారు భయపడనక్కర్లేదు. ఖనిజాన్ని వేరుచేసి, పొడిచేసే చోట్ల ధూళి పీల్చకుండా జాగ్రత్త తీసుకోవడం ముఖ్యం.

పరిశ్రమల్లో వాడే మూలాలు వీటికి భిన్నమైనవి. ఉక్కు కర్మాగారాల్లో అచ్చులోకి దిగే ద్రవ ఉక్కు మట్టం ఎంతుందో కొలవడానికి కోబాల్ట్‌-60, సీజియం-137 వంటి మూలాలున్న గేజీలు వాడుతుంటారు. నిప్పులు కక్కే ఉక్కును తాకకుండానే గామా కిరణం ఆవలి వైపు ఎంత చేరిందో చూసి మట్టం చెప్పేయవచ్చు. నౌకలు, పైపులైన్లు, పీడన పాత్రల వెల్డింగులో లోపాలను ఇరిడియం-192తో ఫొటో తీసి పట్టుకుంటారు. దీన్నే ఇండస్ట్రియల్‌ రేడియోగ్రఫీ అంటారు. ఇందులో వాడే మూలం పెన్సిల్‌ ముక్కంత కూడా ఉండదు. కవచంలో ఉన్నంతవరకు సురక్షితం. కవచం దాటి బయటపడితే కొద్ది నిమిషాల్లోనే చేతిని కాల్చగలదు.

క్యాన్సర్‌ చికిత్సలో ఇవే కిరణాలు ప్రాణదాతలు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి వంటి చోట్ల వికిరణ చికిత్స కోసం ఉత్తరాంధ్ర నలుమూలల నుంచీ రోగులు వస్తుంటారు. చంపే కిరణానికీ, బతికించే కిరణానికీ తేడా అది ఎంత, ఎక్కడ, ఎవరి అజమాయిషీలో పడుతోందన్న దానిలోనే ఉంది.

మాయాపురి నేర్పిన పాఠం

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలోని ఒక గామా వికిరణ యంత్రం 1985 తర్వాత వాడకానికి నోచుకోలేదు. 2010 ఫిబ్రవరిలో దాన్ని తుక్కు కింద వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము బజారుకు చేరాక, సీసం కోసం కూలీలు దాని కవచాన్ని విప్పేశారు. లోపలి కోబాల్ట్‌-60 గొట్టాలు బయటపడ్డాయి. అవేమిటో అక్కడెవరికీ తెలియదు. కొందరికి వాంతులయ్యాయి. చర్మం నల్లబడింది. జుట్టు రాలింది. చికిత్స పొందుతూ ఏప్రిల్‌లో ఓ కార్మికుడు మరణించాడు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలమానంలో ఇది నాలుగో స్థాయి ప్రమాదంగా నమోదైంది.

ఇక్కడ అర్ధాయువు లెక్క వేసి చూడవచ్చు. మూలన పడి ఉన్న ఆ 25 ఏళ్లలో కోబాల్ట్‌ తీవ్రత దాదాపు 27వ వంతుకు పడిపోయింది. ఆ మిగిలిన వంతే ఒక ప్రాణం తీసింది.

మన రాష్ట్రమూ ఇందుకు మినహాయింపు కాదు. 2020 జనవరిలో రాజమహేంద్రవరంలో చమురు బావుల పరీక్షకు వాడే సీజియం-137 ఉన్న పెట్టె కనిపించకుండా పోయింది. పోలీసులు గాలించగా చివరకు కృష్ణా జిల్లాలో పాత ఇనుము వ్యాపారి వద్ద దొరికింది. పోయిన వస్తువు చేరేది ఎక్కడికో ఈ ఘటన మరోసారి తేటతెల్లం చేసింది.

తుక్కు కరిగించాక బయటపడే ముప్పు ఇంకొకటి. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బొత్తాల్లో కోబాల్ట్‌-60 ఆనవాళ్లు కనిపించాయి. ఆరా తీస్తే వాటికి వాడిన ఉక్కు భారత్‌ నుంచి వెళ్లినదని తేలింది. 1980వ దశకం ఆరంభంలో మెక్సికోలో ఆసుపత్రి యంత్రంలోని కోబాల్ట్‌ తుక్కులో కలిసి ఇళ్ల నిర్మాణానికి వాడే ఇనుప కడ్డీల్లోకి చేరింది. అమెరికాలోని లాస్‌ అలమోస్‌ ప్రయోగశాల ద్వారం వద్ద ఓ లారీ రావడంతో రేడియేషన్‌ గంట మోగి, 1984 జనవరిలో సంగతి బయటపడింది.

దిగుమతి అయ్యే లోహపు తుక్కుకు రేడియేషన్‌ తనిఖీ నిబంధనలు దేశంలో అమలులో ఉన్నాయి. అయితే ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే చేతులు మారే తుక్కు ఓడరేవు ద్వారం దాటదు. తోపుడు బండి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి కొలిమికి చేరుతుంది. ఆ దారిలో తొలి తనిఖీ అధికారి తుక్కు ఏరే కూలీయే.

సెగ వేరు... మసి వేరు

రేడియేషన్‌ సోకిన మనిషిని తాకితే మనకూ అంటుకుంటుందన్న అపోహ చాలామందిలో ఉంది. పొయ్యిని ఉదాహరణగా తీసుకుంటే తేడా సులువుగా బోధపడుతుంది. పొయ్యి ఎదుట నిలబడిన వాడికి సెగ తగులుతుంది. పక్కకు జరిగితే సెగ ఆగిపోతుంది. వాడిని తాకిన వారికి ఆ సెగ అంటదు. గామా కిరణాలు సోకడం ఇటువంటిదే. అదే పొయ్యిలోని మసి చేతికి అంటితే ఇంటిదాకా వెంట వస్తుంది. ముట్టుకున్న వారికల్లా పూస్తుంది. రేడియోధార్మిక పొడి, ద్రవం ఒంటికి, బట్టలకు అంటడం ఇటువంటిది.

రెండోది ఎంత దారుణమో 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియా పట్టణం చవిచూసింది. మూతపడిన ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిన యంత్రాన్ని పగలగొట్టగా నీలి వెలుగు చిమ్మే సీజియం-137 పొడి బయటపడింది. అందంగా ఉందని ఇళ్లకు తీసుకెళ్లి బంధుమిత్రులకు పంచారు. ఒంటికి పూసుకున్నారు. ఓ చిన్నారి సహా నలుగురు మరణించారు. లక్షా 12 వేల మందికి పైగా పరీక్షలు జరపాల్సి వచ్చింది. 249 మందికి ఆ పొడి అంటినట్లు తేలింది.

సమయం, దూరం, అడ్డు

రేడియేషన్‌ నుంచి రక్షణకు మూడే సూత్రాలున్నాయి. దాని సమీపంలో గడిపే సమయాన్ని తగ్గించడం, దూరం పెంచడం, తగిన అడ్డు ఉంచడం. ఇందులో సామాన్యుడి చేతిలో ఉన్న బలమైన ఆయుధం దూరమే. చిన్న మూలం నుంచి మీటరు దూరంలో ఉన్నవారు రెండు మీటర్లకు జరిగితే మోతాదు నాలుగో వంతుకు, పది మీటర్లకు జరిగితే నూరో వంతుకు తగ్గుతుంది.

తుక్కు వ్యాపారులు, కూలీలు, ఒప్పంద కార్మికులు పాటించవలసిన జాగ్రత్తలివి.

* పసుపు రంగుపై మూడు రెక్కల గుర్తు ఉన్న వస్తువును తాకరాదు. 2007లో ప్రవేశపెట్టిన ఎర్ర త్రికోణపు గుర్తులో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మలుంటాయి. చదువురాని వారికీ ‘వదిలి పారిపో’ అని అర్థమయ్యేలా దీన్ని రూపొందించారు.

* గుర్తు చెరిగిపోయి ఉండవచ్చు. పరిమాణానికి మించిన బరువు ఉన్న పెట్టె, లోపల సీసం పొర, ఆసుపత్రి లేదా ప్రయోగశాల నుంచి వచ్చిన మూసి ఉన్న గొట్టం కనిపిస్తే అనుమానించాలి. కోయడం, పగలగొట్టడం, కరిగించడం చేయరాదు.

* వస్తువును అక్కడే వదిలి, అందరినీ దూరంగా పంపి, 112కు గానీ సమీప పోలీసుస్టేషనుకు గానీ సమాచారం ఇవ్వాలి. ఇటువంటి ఘటనలను ఎదుర్కొనే శిక్షణ జాతీయ విపత్తు స్పందన దళానికి ఉంది.

* అనుమానిత పొడి అంటితే పైబట్టలు విప్పి సంచిలో కట్టి వేరుగా పెట్టాలి. సబ్బుతో, గోరువెచ్చని నీటితో కడుక్కోవాలి. గట్టిగా రుద్దకూడదు. అంతవరకు ఏమీ తినరాదు, తాగరాదు, పొగతాగరాదు.

* కర్మాగారాల్లో రేడియోగ్రఫీ జరిగేటప్పుడు కట్టిన తాడును, హెచ్చరిక దీపాన్ని దాటి వెళ్లకూడదు. పని తొందరలో ఉన్నా ఇందుకు మినహాయింపు లేదు.

* కారణం తెలియని వాంతులు, నిప్పు తగలకుండానే చర్మంపై కాలిన గాయం, జుట్టు రాలడం వంటి లక్షణాలుంటే తాము చేసే పని ఏమిటో, ఏ వస్తువు ముట్టుకున్నారో వైద్యుడికి తప్పక చెప్పాలి.

మూలాలను వాడే సంస్థల బాధ్యత ఇంతకన్నా పెద్దది. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా వీటిని కొనడం, అమ్మడం, తరలించడం కుదరదు. పని తీరిన మూలాన్ని సరఫరాదారుకు గానీ, అధీకృత కేంద్రానికి గానీ అప్పగించాలి. సంస్థ మూతపడినా, యాజమాన్యం మారినా, అధికారి బదిలీ అయినా ఈ బాధ్యత తీరదు. మాయాపురిలోనూ, గోయానియాలోనూ యంత్రాలు చెడిపోలేదు. వాటి లోపల ఏముందో గుర్తుపెట్టుకునే మనిషి లేకపోవడమే ప్రమాదానికి దారితీసింది.